కాఫీ నిర్దోషిత్వంపై ఒక ప్రయోగం

కూర్చోండి, చెబుతాను. ఇది ఒక వాదంలో నేను నెగ్గిన కథ. పెళ్లయ్యాక మా ఆవిడ మీద నేను నెగ్గిన వాదం ఇదొక్కటే కాబట్టి, కాస్త ఓపిగ్గా వినాలి.

తూనికలు, కొలతల శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఆధారం లేని మాట నమ్మకపోవడం మొదట నాకు వృత్తి, తర్వాత అలవాటు, మా ఆవిడ లెక్క ప్రకారం, రోగం.

అసలు రోగం మాత్రం గుండెది. మెట్లెక్కుతుంటే ఛాతీలో పిచ్చుక చిక్కుకుని కొట్టుకున్నట్టు ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన గ్రాఫు కాగితం చూసి, "గుండె తాళం తప్పుతోంది. బీపీ కూడా ఎక్కువే. మాత్రలు రాస్తాను. కాఫీ మానెయ్యండి. మూడు వారాలు రోజూ నాడి చూసి రాసుకురండి" అన్నాడు.

"కాఫీ వల్లే తప్పుతోందనడానికి ఆధారం?"

"రోజుకెన్ని కప్పులు?"

"ఆరు" అన్నాను.

"తొమ్మిది" అంది మా ఆవిడ పక్క నుంచి.

డాక్టరు ఇద్దరి మొహాలూ చూసి తొమ్మిదే రాసుకున్నాడు.

ఇంటికి రాగానే మా బావమరిది దిగాడు. దొరికిన ప్రతి ఆరోగ్య కరపత్రాన్నీ కంఠతా పడతాడు కాబట్టి, మా ఇంట్లో ఆయన పేరే కరపత్రం. కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు వచ్చి కాఫీ మానేసి ఏడాదైంది. మానేసినవాడికి తోడు కావాలి కదా.

"బావగారూ, కంట్లో ఒత్తిడి ఉన్నవాళ్లకి కాఫీ పడదు. కడుపులో పుండున్నవాళ్లకి పడదు. నిద్ర పట్టనివాళ్లకి, ఊరికే కంగారుపడేవాళ్లకి, ఎముకలు గుల్లబారినవాళ్లకి పడదు. గర్భిణులైతే బాగా తగ్గించాలి."

"ఆ చివరిదాని విషయంలో నేను హామీ ఇవ్వగలను" అన్నాను.

"నవ్వండి, నవ్వండి. ఆఫీసులో మీ పక్క సీటాయనా ఇలాగే నవ్వేవాడు."

పక్క సీటాయనకు పక్షవాతం వచ్చి రెండేళ్లు. ఇప్పుడు ఒక్క చెంపతోనే నవ్వుతాడు. ఆ మాటతో నా నవ్వు ఆగింది గానీ వాదం ఆగలేదు.

మర్నాటికి పథకం సిద్ధం. రెండు డబ్బాలు. ఒకదాంట్లో అసలు కాఫీ పొడి, రెండోదాంట్లో కెఫీన్ తీసేసిన పొడి. రోజూ పొద్దున మా ఆవిడ వంటింట్లో నాణెం ఎగరేసి, పడినదాన్ని బట్టి ఒకటి కలపాలి. ఏది కలిపిందో తన కాగితం మీద రాసుకోవాలి, నాకు చెప్పకూడదు. గంట తర్వాత నేను బీపీ మిషనుతో నాడి చూసుకుని నోటుబుక్కులో రాస్తాను. ఇరవై ఒక్క రోజులు. రెండు రకాల రోజులకూ తేడా కనబడకపోతే కాఫీ నిర్దోషి.

"కనబడితే?" అంది మా ఆవిడ.

"జన్మలో ముట్టను."

"సంతకం పెట్టండి."

"నా మాట మీద ఆ మాత్రం నమ్మకం లేదా?"

"మీరే కదండీ, దేన్నీ ఊరికే నమ్మొద్దని ఇన్నేళ్లు నేర్పారు?"

పెట్టాను.

మొదటి రోజు గుటక పడగానే నా నాలుక తీర్పు చెప్పేసింది: అసలుదే. గంట తర్వాత మిషను నూట పదమూడు చూపింది. పక్కనే చిన్న గుండె బొమ్మ ఒకటి వెలిగి ఆరుతోంది. నాడి సమంగా లేదని దానర్థం.

నేను డెబ్బై ఎనిమిది అని రాశాను.

దొంగ త్రాసుల మీద ముప్పై నాలుగేళ్లు కేసులు రాసిన చెయ్యి అది. పేపరు కోసం మెట్లు దిగి ఎక్కిన దడ అయ్యుంటుందని సర్దిచెప్పుకున్నాను.

రెండో రోజు కాఫీ చప్పగా తగిలింది, కెఫీన్ లేనిదన్నమాట. మిషను నూట ఏడు అంది. నిన్నటి కాఫీ ప్రభావం ఇంకా ఒంట్లో ఉందనుకుని ఎనభై రాశాను. ఆ తర్వాత ప్రతి అంకెకూ ఒక శాస్త్రీయ కారణం దొరుకుతూనే వచ్చింది.

పదో రోజుకి స్నానం చేసి వస్తేనే ఆయాసం.

"ఏవండీ, మొహం అలా పాలిపోయిందేం?"

"ప్రయోగం మధ్యలో ప్రశ్నలు వెయ్యకూడదు."

"ప్రయోగం మధ్యలో మనిషి పోవచ్చా?"

ఇరవై రెండో రోజు డాక్టరు నా నోటుబుక్కు తిరగేసి, "భేష్, మందు బాగా పనిచేస్తోందే" అన్నాడు. నేను విజయగర్వంతో మా ఆవిడ వైపు తిరిగాను.

"కాగితం తియ్యి. అసలు కాఫీ ఏయే రోజులో చదువు."

"ఏ రోజూ కాదు."

"అంటే?"

"రెండు డబ్బాల్లోనూ కెఫీన్ లేనిదే పోశాను. మీ గుండె పెట్టి బొమ్మా బొరుసా ఆడతాననుకున్నారా?"

"మరి రోజూ నాణెం చప్పుడు?"

"ఎగరేశాను. చప్పుడు వినబడకపోతే మీరు తాగరుగా."

నా నాలుక పరువు అక్కడితో పోయింది. మా ఆవిడ సంచిలోంచి బీపీ మిషను తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడ ముప్పై ఏళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషి.

"డాక్టరుగారూ, ఆ పుస్తకంలో ఇరవై ఒక్క అంకెలున్నాయి. ఒక్క బేసి సంఖ్య లేదు. ఇవాళ పొద్దున బయల్దేరే ముందు చూశాను. అనుమానమొచ్చి దీని మెమరీ బటన్ నొక్కాను."

ఇరవై ఒక్కసార్లూ సరిసంఖ్యే పడటం ఇరవై లక్షల్లో ఒక్కసారి జరుగుతుంది. లెక్క నాకు తెలుసు.

డాక్టరు బటన్ నొక్కుతూ చదివాడు. నూట పదమూడు. నూట ఏడు. నూట ఇరవై ఒకటి. చదివే కొద్దీ ఆయన గొంతు తగ్గుతూ వచ్చింది.

చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, అప్పుడు నేనన్న మాట ఇది: "అయితే కాఫీ లేకుండానే తాళం తప్పుతోంది. కాఫీ నిర్దోషి అని తేలినట్టేగా?"

"ఇల్లు తగలబడుతుంటే మూలనున్న కిరసనాయిలు డబ్బా కూడా నిర్దోషే. అయినా దాన్ని బయట పెట్టేస్తాం" అన్నాడాయన. "మొదటి వారమే ఈ అంకెలు నాకు చేరుంటే మందు మార్చేవాణ్ణి. ఇప్పుడు గుండెలో రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. గడ్డ మెదడు దాకా వెళ్తే పక్షవాతం."

దారి పొడుగునా మా ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. నాకు భయమేసింది అప్పుడే.

గడ్డ ఉందో లేదో సోమవారం పరీక్షలో తేలుతుంది. ఈలోగా రక్తం పలచబడే మాత్రలు, ఒక కొత్త నియమం. నాడి ఇక ఆవిడే చూస్తుంది. వేళ్లతో, గోడ గడియారం వైపు చూస్తూ. ఇవాళ పొద్దున పెదవులు కదుపుతూ ఒక నిమిషం లెక్కపెట్టింది. మణికట్టు వదలకుండా ఇంకో నిమిషం లెక్కపెట్టింది. పుస్తకం నాకు కనబడకుండా ఒళ్లో పెట్టుకుని రాసింది.

"ఎంత?"

"బాగానే ఉంది."

"బాగానే ఉంది అన్నది అంకె కాదు."

"అంకెలతో మీకేం పని? ఉండండి, మాత్రకి నీళ్లు తెస్తాను."

ఆవిడ వంటింట్లోకి వెళ్లింది. మెడ మీద వేలు ఆనించుకుంటే నిమిషంలో నాకే తెలిసిపోతుంది. ఆ చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను.