ఆడినట్టుగా భావించడమైనది

ఉత్తర డెల్టా విశ్వవిద్యాలయం వారు నాట్యశాస్త్రంలో స్నాతకోత్తర పట్టా ప్రవేశపెట్టినందుకు దమియెట్టా పట్టణ ప్రజలు హర్షం వెలిబుచ్చవలసి ఉండగా, వెలిబుచ్చారు. విభాగానికి ఒక హాలు కట్టారు. హాలులో అద్దంలాంటి చెక్కనేల పరిచారు. నేల పాడవకుండా దానిమీద ఎవరూ అడుగు పెట్టరాదని బోర్డు పెట్టారు. నాట్యానికి తాళం ముఖ్యమని పెద్దలంటారు గనుక, హాలుకి పెద్దది చూసి ఒకటి వేశారు.

దాని చెవి శాఖాధిపతి ఆచార్య షవ్కత్ గారి జేబులో ఉండేది. నాట్యం మీద ఆయన రాసిన పుస్తకాలు అలమారా నిండా ఉన్నాయి. ఆయన ఆడినట్టు మాత్రం ఎక్కడా దాఖలా లేదు. అదే ఆయన అర్హత అని నియామక ఉత్తర్వులో ఉంది. "పశువైద్యుడు గడ్డి మేస్తాడా?" అని ఆయన మొదటి తరగతిలోనే విద్యార్థుల్ని నిలదీసేవారు. మేయడని అందరూ రాసుకునేవారు.

ఈ విద్యాలయంలోకి ఇన్షిరాహ్ ఒకే ఒక్క కోరికతో వచ్చింది. వాళ్ళమ్మ నబవియ్యా పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ గదిలో, తలుపు గడియ పెట్టుకుని, నెత్తిమీద పళ్ళెంతో ఒక ఆట ఆడేది. పళ్ళెం కదలదు, నడుము నిలవదు. ఆ గదిలో కూర్చున్న ముసలమ్మలు కూడా ఆ కాసేపు మోకాళ్ళ నొప్పులు మరిచిపోయేవారు. ఆ ఆటను గడియ తీసిన చోట, వేదిక మీద, తన పేరు చెప్పుకుని ఒక్కసారి ఆడాలని ఇన్షిరాహ్ ఆశ. విశ్వవిద్యాలయం నియమావళిలో "సిద్ధాంత వ్యాస సమర్పణ అనంతరం అభ్యర్థి ప్రయోగ ప్రదర్శన" అని ఒక ముక్క ఉంది. ఆ ముక్క కోసం ఆ పిల్ల మిగతా నియమావళినంతా మింగింది.

ముందు మేనమామ బస్యూనీ ఒప్పుకోవాలి. తండ్రి లేని పిల్లకి ఆయనే దిక్కు. బజారులో కుర్చీల కార్ఖానా ఉంది, కార్ఖానాకి తగ్గ పరువూ ఉంది.

"ఆటా? ఆటకి చదువెందుకే? చదివినదానివి ఆడటమేమిటే? ఈ రెంట్లో ఏది తప్పో తెలీక నా బుర్ర తిరుగుతోంది గానీ, ఏదో ఒకటి మాత్రం తప్పే!" అన్నాడు.

"నువ్వు ఆడవూ మావయ్యా?"

"నేనా? నేనెప్పుడు ఆడానే?"

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. పెళ్ళిలో డప్పు మోగితే మావయ్య నడుముకి శాలువా చుట్టుకుని, తన కార్ఖానాలో చేసిన కుర్చీనే పళ్ళతో కరిచి పైకెత్తి, వీధి ఈ మొన నుంచి ఆ మొనదాకా ఊగుతూ వెళతాడు. దాన్ని ఆ ఊళ్ళో ఆట అనరు. సంతోషం అంటారు. మగవాడు ఊగితే సంతోషం, ఆడది ఊగితే సంగతి.

అయినా మావయ్య ఒప్పుకోవడానికి రెండు బలమైన విద్యాపరమైన కారణాలు దొరికాయి. ఈ దారినే ముందుకు పోతే పిల్లని జనం 'డాక్టరమ్మా' అని పిలుస్తారనేది ఒకటి. నాట్య విభాగానికి కుర్చీలు కావాలనేది రెండోది. కుర్చీలు వచ్చాయి. పెట్టడానికి చోటు లేక వాటిని చెక్కనేల హాలులో పైకప్పుదాకా పేర్చారు. నేలమీద అడుగు పడకూడదన్న నియమం కుర్చీ కాళ్ళకు వర్తించదని పాలకమండలి వివరణ ఇచ్చింది.

చేరిన రోజునే షవ్కత్ గారు ఇన్షిరాహ్ చేత ఒక హామీ పత్రం మీద సంతకం పెట్టించారు. పరిశోధకురాలు తాను పరిశోధించే విషయానికి దూరంగా ఉండాలట. "నువ్వు చూస్తే పండితురాలివి తల్లీ. ఆడావంటే నమూనావి. నమూనాలకి పట్టా ఇచ్చే పద్ధతి లేదు," అన్నారు ఎంతో వాత్సల్యంగా. ఆమె వ్యాసానికి ఆయనే పేరు పెట్టారు: 'ఉత్తర డెల్టా వివాహ సందర్భాలలో కటి ప్రదేశ చలనం: ఒక దూర పరిశీలన'. నడుము అనే మాట వ్యాసం నడుమ ఎక్కడా రాకూడదన్నారు. రాలేదు.

ఇక పెళ్ళిళ్ళలో ఇన్షిరాహ్ గోడవార కుర్చీకి అతుక్కుపోయింది. డప్పు మోగుతుంటే మోకాళ్ళ మీద చేతులు అదిమి పట్టుకునేది.

"ఏమ్మా, కాలు నెప్పా?" అంది ఒక పిన్ని, చెమట తుడుచుకుంటూ.

"కాదు పిన్నీ, చదువు."

"అయ్యో పాపం! ఎప్పట్నించీ?"

వ్యాసం పూర్తయింది. ప్రతి అడుగుకూ ఆధారం చూపమన్నారు. "ఈ పళ్ళెం అడుగు ఎక్కడిది?" అని గురువుగారు అడిగితే, "మా అమ్మదండీ," అంది. "మీ అమ్మగారు ఎక్కడైనా ప్రచురితమయ్యారా?" అన్నారాయన. కాలేదు. ఏనాడో ఎండలకి తాళలేక ఊరొదిలిపోయిన ఒక విదేశీ యాత్రికుడు, కిటికీ సందులోంచి చూసి 'ఇక్కడి స్త్రీలు పళ్ళేలు మోస్తారు' అని ఒక వాక్యం రాశాడు. ఆ వాక్యం దొరికాక నబవియ్యా నాట్యం నిజమైంది.

వ్యాస పరీక్ష రోజు రానే వచ్చింది. పరీక్షకుల్ని ఆకలితో పంపితే వంశానికి మచ్చ గనుక, మావయ్య పెళ్ళివారిలాగే వ్యాను కట్టించాడు. వేయించిన బాతులు, అన్నం కూరిన వంకాయలు, పొరలు పొరల ఫితీర్ రొట్టెలు, తేనె కారే చుట్టల మిఠాయి, అన్నీ సీనీలనే పెద్ద గుండ్రటి పళ్ళేల్లో సభామందిరం వెనకభాగంలో వరుసగా కొలువుతీరాయి. బంధువులు ముందు వరుసల్లో కొలువుతీరారు. పట్టుగుడ్డ కప్పిన ఒక ఖాళీ పళ్ళెం మాత్రం నబవియ్యా ఒళ్ళో ఉంది. అది ప్రయోగ ప్రదర్శనకి.

"భయపడకే," అంది తల్లి చెవిలో. "పళ్ళేన్ని చూడకు, ఎదురుగా చూడు. అదే నిలబడుతుంది."

నల్ల గౌన్లలో ముగ్గురు పరీక్షకులు వేదిక ఎక్కారు. షవ్కత్ గారు లేచి, "నాట్యమనగా ఏమి? కదలికయా? కాదు. కదలిక గురించిన నిశ్చలమైన ఆలోచన!" అని ప్రారంభించి, నిశ్చలంగా చాలాసేపు మాట్లాడారు. రెండో ఆయన మొదటి ఆయనను పొగిడారు. మూడో పరీక్షకురాలు దౌలత్ గారు ఆ ఇద్దర్నీ పొగుడుతుండగా, ఎవరో పొరపాటున బాతు మీది మూత తీశారు.

ఆ వాసన వేదికనెక్కింది. విద్యాప్రమాణాలలో తక్షణం మార్పు వచ్చింది.

"అభ్యర్థి ప్రయోగ ప్రదర్శన మిగిలి ఉంది," అని దౌలత్ గారు వెనకవైపు చూస్తూ అన్నారు.

ఇన్షిరాహ్ చెప్పులు విప్పేసి, పళ్ళెం అందుకుంది.

ముగ్గురూ తలలు దగ్గర పెట్టుకున్నారు. షవ్కత్ గారు మైకు అందుకున్నారు. "సమయాభావం వల్లనూ, వంటకాలు చల్లారు ప్రమాదం వల్లనూ, ప్రయోగ ప్రదర్శన ఆడినట్టుగా భావించడమైనది. చాలా బాగా ఆడినట్టుగా కూడా భావించడమైనది. అత్యుత్తమ శ్రేణి!"

నబవియ్యాకి మొదటి ముక్కలు అర్థం కాలేదు, చివరిది అర్థమైంది. నాలుక ఆడించి, పెళ్ళిళ్ళలో వేసే సంతోషపు కేక, జగ్రూత మోగించింది. ఆ కేకకి పిన్నులందరూ కేకలు కలిపారు. మావయ్య మేనకోడలి చేతిలో పళ్ళెం లాక్కుని బోర్లించి దరువు మొదలుపెట్టాడు. దరువు కుదిరాక దాన్ని ఎవరికో అప్పగించి, నడుముకి శాలువా బిగించాడు. కుర్చీ పైకి లేచింది. బాతుకాలు చేత్తో పట్టుకున్న రెండో పరీక్షకుడు కాలు కదిపారు. షవ్కత్ గారు కాసేపు దూర పరిశీలన చేశారు. తర్వాత దగ్గర పరిశీలన అవసరమనిపించింది. ఆయన భుజాలు ఆడించిన తీరు చూస్తే ఆ అలమారా పుస్తకాలన్నీ ఎవరో బలవంతాన రాయించారనిపిస్తుంది.

ఉక్కగా ఉందని ముగ్గురూ గౌన్లు విప్పారు. పట్టుకునేవారు కావాలి. ఖాళీగా నిలబడింది పట్టభద్రురాలు ఒక్కతే.

"పట్టుకో డాక్టరమ్మా!" అన్నారు షవ్కత్ గారు.

పట్టా పట్టుకోవలసిన చేతుల్లో మూడు గౌన్లు పడ్డాయి. వెచ్చగా, చెమటగా, బరువుగా ఉన్నాయి. సభంతా ఊగుతోంది. ఇన్షిరాహ్ తల్లివైపు చూసింది. తల్లి చప్పట్లు కొడుతూ ఎదురుగా చూస్తోంది.

ఇన్షిరాహ్ గౌన్లను మడతపెట్టి వేదిక మీది బల్లపై ఉంచింది. మిఠాయి అయిపోయిన ఒక పళ్ళెం తీసుకుని నెత్తిన పెట్టుకుంది. వేదిక మధ్యకి నడిచింది. ఎదురుగా చూస్తూ, మొదలుపెట్టింది.

పళ్ళెం కదలలేదు. నడుము నిలవలేదు.

ముందు దరువు ఆగింది. తర్వాత పిన్నులు ఆగారు. పరీక్షకులు ఉన్నవాళ్ళు ఉన్నట్టుగా నిలిచిపోయి, గబగబా గౌన్ల కోసం చేతులు చాచారు. "ఇది ప్రణాళికలో లేదే," అన్నారు షవ్కత్ గారు రొప్పుతూ. దరువు లేకపోయినా ఇన్షిరాహ్ ఆపలేదు. ఆ నిశ్శబ్దంలో ఆమె వట్టి పాదాల చప్పుడూ, తల్లి ఒక్కత్తే తప్పకుండా కొడుతున్న చప్పట్లూ వినిపించాయి. చివరి అడుగుదాకా ఆడి, ఆమె పళ్ళెం దించింది.

మావయ్య కుర్చీ కింద పెట్టాడు. దవడ సర్దుకున్నాడు. కళ్ళనీళ్ళొక్కటే తక్కువ.

"సిగ్గులేదుటే?" అన్నాడు. "ఇంత చదువు చదివించింది నలుగురిలో ఆడటానికా?"

సభంతా ఆయనతో ఏకీభవించింది. మీరేమంటారో తర్వాత చెబుదురుగాని, ముందు మీ నడుముకి చుట్టుకున్న శాలువా విప్పండి. మావయ్యకీ అది విప్పడం గుర్తులేదు.