‘వస్త’ అనే వరం

మాట తప్పడం పాపమని ఎవరన్నారో గానీ, వాళ్లు మా దేవరకొండ వైపు ఒక్క పూట కూడా ఉన్నట్టు లేదు! మాట తప్పేవాళ్లు లేకపోతే ఈ లోకం నడవదని నేను సప్రమాణంగా నిరూపించబోతున్నాను. నమ్మకపోతే నష్టం మీకే.

ముందు మా మాటొకటి చెప్పాలి. ‘వస్త’. పైకి చాలా అమాయకంగా కనిపిస్తుంది. కానీ మా దగ్గర ఎవరింటి నుంచి లేచినా ‘పోత’ అనం, అపశకునం! ‘వస్త’ అనే పోతాం. అంటే వచ్చేవాడూ ‘వస్త’ అంటాడు, పోయేవాడూ ‘వస్త’ అంటాడు. మరి ఫోన్లో మెకానిక్ “సరే అన్నా, వస్త” అని పెట్టేస్తే వస్తున్నట్టా, సెలవు తీసుకున్నట్టా? ఏ కోర్టు తేలుస్తుంది చెప్పండి!

ఈ ఒక్క మాట మీద ఎంతమంది బతుకుతున్నారో ఆలోచించారా? బస్టాండు ముందు చాయ్ హోటళ్లన్నీ ఎదురుచూసేవాళ్ల పుణ్యమే. అందరూ చెప్పిన టైముకు దిగబడితే ఆ సమోసాలు ఎవరు తినాలి? “తొవ్వల ఉన్న” అని, అంటే దారిలో ఉన్నానని, ఫోన్లో చెప్పే మిత్రుడి వెనకాల చెంబు చప్పుడు, నీళ్లు పోసుకుంటున్న చప్పుడు వినిపిస్తే నాకు కోపం రాదు. పాపం, శుభ్రంగా వస్తాడులే అనుకుంటాను. సహనం నేర్చుకోవడానికి జనం పట్నంలో ఫీజు కట్టి ధ్యానం క్లాసులకు పోతున్నారట. మాకు అది ఉచితం!

పూర్వపు ఇశ్రాయేలీయులకు ఈ సుఖం లేదు. నేను చర్చికి పోయేవాణ్ని కాదు. మా పక్కింటి ఎల్లస్వామి బిడ్డ మెర్సీ సండే స్కూల్లో పిల్లలకు పాఠాలు చెబుతుంది, ఆమె చెప్పగా విన్నాను. వాళ్లు దేవునికి మొక్కితే ఇచ్చి తీరాల్సిందేనట. తప్పుకు పరిహారంగా గొర్రె తెచ్చే స్తోమత లేదంటే రెండు పావురాలు తెమ్మనేవారట. అవీ లేవంటే గుప్పెడు పిండి! ఎంత అన్యాయం! పేదవాడికి సాకు చెప్పుకునే హక్కు కూడా లేకుండా చేశారు. మొక్కిన గొర్రెకు బదులు ఇంకోటి తెస్తే రెండూ దేవునివే అయిపోయేవట.

“అబ్బో! గట్లయితే మన ఊళ్లె ఎవని దొడ్లె గొర్రె మిగలకపోవు” అన్నాడు ఎల్లస్వామి.

ఈ ఎల్లస్వామే అమాయకంగా ఆ పాతకాలపు తప్పు చేశాడు. బత్తాయి తోట వేసి, మొదటి కాపు దేవునికిస్తానని చర్చిలో అందరి ముందు లేచి నిలబడి మాటిచ్చాడు. అతనూ, భార్య నాగులమ్మా మొక్కగా ఉన్నప్పుడే ఒక్కో చెట్టుకూ బిందెలతో నీళ్లు మోసి సాకారు. ఈ ఏడు తొలి పిందె పట్టింది. ఎండ ముదిరింది. సరిగ్గా అప్పుడే బావి మీద మోటరు కాలిపోయింది!

ఊళ్లకు తిరిగి మోటర్లు బాగుచేసేది విజేందర్. మంచివాడు, ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. ఫోన్ చేస్తే “వస్త మామా” అన్నాడు. మోటరు తనే షాపుకు తెస్తానని ఎల్లస్వామి అంటే “నీకెందుకు రంది, నేనుండంగ మోసుడేంది? వస్త” అన్నాడు. ఇంకొకరిని పిలుస్తానంటే అలిగాడు. అలిగి కూడా ‘వస్త’ అన్నాడు!

ఇంతలో ఆకులు ముడుచుకున్నాయి. పిందెలు రాలడం మొదలైంది. రాలిన పిందెలు కొంగులో ఏరుకుని నాగులమ్మ మా అరుగు మీద కూర్చుంది. “తోట పోతె పోనీ అన్నా, కూలికన్న పోయి బతుకుతం. దేవుని ముంగట మాటిచ్చిండు గీయన. అబద్ధమాడినోడైతడు గద” అంది. వాదించడంలో నన్ను మించినవాడు లేడని మీకు తెలుసు. ఆ పూట మాత్రం ‘వస్త’ తరఫున వాదించబుద్ధి కాలేదు. చాలా బాధనిపించింది.

ఆ వారమే చర్చిలో పంట కానుకల పండుగ. ఎవరికి పండింది వాళ్లు తెచ్చి ముందున్న బల్ల మీద పెడతారు. రమ్మంటే నేనూ పోయాను. బియ్యం సంచులు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోడిపుంజులు ఉన్నాయి. వాటి మధ్య నాగులమ్మ, ఎల్లస్వామి చెరోవైపు పట్టుకుని ఆ కాలిన మోటరును తెచ్చి ధబీమని పెట్టారు! బల్ల కిర్రుమంది. పుంజు కూసింది.

“ఇదేందమ్మా?” అన్నారు పాస్టరు గారు.

“కానుక అయ్యగారూ! ఎన్కట కాలవెట్టి ఇచ్చేటోళ్లంట గద, దహనబలి అని. మా బిడ్డ చెప్పింది. మాది ముందుగాల్నే కాలింది” అంది నాగులమ్మ. ఆపై కీబోర్డు వైపు తిరిగి, “ఓ విజేందరూ! గిది ఇగ మాది గాదు బిడ్డా, దేవునిది. వస్తవో రావో ఆయనకే చెప్పుకో” అంది.

చర్చంతా ఒకటే నవ్వు. విజేందర్ వేళ్లు ఏ మెట్ల మీద పడ్డాయో గానీ కీబోర్డు కుయ్యోమంది. ప్రార్థన అయ్యీ అవగానే మోటరును బండికి కట్టుకుని షాపుకు ఉరికాడు. పొద్దుగూకేసరికి తోటలో నీళ్లు పారాయి! పాదుల్లోకి నీరు పోతుంటే ఎల్లస్వామి తల తిప్పుకుని కండ్లు తుడుచుకున్నాడు.

“అంత చిటికెల పనాయె. ఇన్నొద్దులు ఎందుకు రాకపోతివిరా?” అని నాగులమ్మ నిలదీసింది.

విజేందర్ తన బండి చూపించాడు. ముందు మడ్‌గార్డు పగిలి తాడుతో వేలాడుతోంది. “మీ ఊరి తొవ్వ సూడరాదత్తా! వద్దామని బయల్దేరినప్పుడల్లా గుంతల పడుతున్న. రోడ్డేపిస్తనని ఓట్లప్పుడు మీ లీడరు మైకుల చెప్పలేదా?”

చెప్పాడు. నేనే చప్పట్లు కొట్టాను.

నాగులమ్మ కండ్లు మెరిశాయి. “అయితే గా లీడరును సుత ఎత్తుకపోయి బల్ల మీద పెడ్దామే?” అంది బిడ్డతో.

మెర్సీ గంభీరంగా తల అడ్డంగా ఊపింది. “నడ్వదమ్మా. కాలినదైతే తీస్కుంటరు గని, మచ్చ ఉన్నది దేవునికి పనికిరాదు.”