వీసా లేని అత్తగారు

ఆ ఉదయం అల్లుడి పథకం చాలా సులువైనది. పది గంటలకు భార్యను ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి, స్కానింగ్ చేయించాలి, పన్నెండుకల్లా తిరిగి రావాలి. ఆ మధ్యలో యూనివర్సిటీ క్వార్టర్ల సూపర్‌వైజర్ తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసుకుని వచ్చి, ఇల్లు చూసి, ఇద్దరే ఉంటున్నారని రాసుకుని పోతాడు. అంతే.

అతను స్టూడెంట్ వీసా మీద వచ్చి, ఇంట్లోని లైట్లనూ తలుపులనూ దూరం నుంచి నడిపించే పద్ధతుల మీద పరిశోధన చేస్తున్నవాడు. యూనివర్సిటీలో అతనికి ఒక నంబరు ఉంది, వీసా ఆఫీసులో ఇంకో నంబరు ఉంది. ఇంట్లో మాత్రం అతను అల్లుడు. మనమూ అలాగే అనుకుందాం, ఎందుకంటే ఆ ఇల్లు నడిచేది అత్తగారి మాట మీద.

అత్తగారు ఆ ఇంట్లో లేరు. ఆవిడ ఉన్నది సముద్రాలకు అవతల. కూతురికి నెలలు నిండుతున్నాయని రెండుసార్లు వీసాకి దరఖాస్తు పెట్టుకుంటే రెండుసార్లూ ఒకే వాక్యం రాసి తిప్పి పంపారు: 'ఈమె తిరిగి వెళ్ళిపోతారన్న నమ్మకం మాకు కలగలేదు.' అత్తగారు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బియ్యం డబ్బా కింద ఎత్తుకోసం పెట్టారు. "వాళ్ళివ్వకపోతే మానె. కరెంటుందిగా," అన్నారు.

అప్పటినుంచీ ఒక పాత టాబ్లెట్‌లో వీడియో కాల్ ఇరవైనాలుగు గంటలూ నడుస్తూనే ఉండేది. బాత్రూములో అమ్మాయి కాలు జారితే తనకెలా తెలుస్తుందని ఆవిడ అడిగితే, అల్లుడు గదికొక చిన్న స్పీకరూ మైకూ బిగించాడు. పిల్ల చీకట్లో తడుముకుంటోందంటే, లైట్లు అక్కడినుంచే వేసే ఏర్పాటు చేశాడు. ఒంటరిగా ఉన్నప్పుడు లోపలి గడియ మరిచిపోతుందంటే, గడియకు మోటారు పెట్టాడు. అన్నీ అతని పరిశోధనకు పనికొచ్చేవే. అత్తగారికి రాత్రి అయినప్పుడు ఇక్కడ పగలు కాబట్టి, పట్టపగలు ఖాళీ ఇంట్లో ఒక ముసలావిడ గాఢనిద్రలో తీసే ఊపిరి మూడు గదుల్లోనూ, అంటే పడకగది, వంటగది, బాత్రూముల్లో, ఒకేసారి వినిపించేది. మొదటివారం అల్లుడికి ఒళ్ళు జలదరించేది. తర్వాత అదీ ఫ్రిజ్ చప్పుడులాగా అలవాటైపోయింది.

కింద వాటాలో ఒంటరిగా ఉండే రిటైరైన నర్సమ్మకు మాత్రం అలవాటు కాలేదు. పై ఇంట్లో పేరు రాయించని ముసలావిడ ఎవరో ఉందనీ, దగ్గుతుందనీ, మధ్యాహ్నం పూట నడుస్తుందనీ ఆవిడ క్వార్టర్ల ఆఫీసుకు ఫిర్యాదు రాసింది. దాని ఫలితమే ఈ తనిఖీ. అనుమతి లేని మూడో మనిషి ఉన్నట్టు తేలితే ఏడు రోజుల్లో ఇల్లు ఖాళీ చేయాలని ఉత్తరంలో అడుగున గీత గీసి మరీ రాశారు. కాన్పుకి మూడు వారాలుంది. పిల్లలున్న వాళ్ళకిచ్చే పెద్ద ఇంటికోసం పెట్టిన దరఖాస్తు అరవై నాలుగో వరసలో ఉంది. ఇల్లు పోతే వీసా కాగితాల్లో చిరునామా దగ్గర ఏం రాయాలో అల్లుడికి తెలియదు. పసిబిడ్డతో ఎక్కడికి పోవాలో అసలే తెలియదు.

"కాల్ కట్ చేసేసి వెళ్దాం," అన్నాడు అల్లుడు చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"అమ్మ ఇప్పుడే పడుకుందండీ. మొన్న నెట్ పోతే ఉలిక్కిపడి లేచి, మా వదినను లేపి, ఊరంతా లేపింది. ఉండనివ్వండి."

"ఆయన వస్తున్నట్టు ఆవిడకి చెప్పావా?"

"చెప్తే పడుకుంటుందా? గోడ చెమ్మ గురించి అడగాలని మేలుకుని కూర్చుంటుంది."

ఆ మాట నిజమే. అందుకని టాబ్లెట్‌ను పడకగది కిటికీ తెర వెనక, గోడవైపు తిప్పి దాచారు. స్పీకర్ల మీద తువ్వాళ్ళు ఆరేశారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనుకోవాల్సింది ఆ క్షణాన. అల్లుడు అనుకోలేదు. తలుపుకి తాళం వేసి, భార్యతో ఆసుపత్రికి బయల్దేరాడు.

తర్వాత జరిగింది అతనికి సూపర్‌వైజర్ నోటినుంచే తెలిసింది. వరసలో చెప్పుకుంటేనే బాగుంటుంది.

సూపర్‌వైజర్ భారీ మనిషి. ఇరవై రెండేళ్ళుగా ఇళ్ళు తనిఖీ చేస్తున్నాడు. తాళం తీసి లోపలికొచ్చి, ఎవరైనా ఉన్నారా అని వాళ్ళ భాషలో పిలిచాడు. ఎవరూ పలకలేదు. రెండు కంచాలు, రెండు గ్లాసులు, రెండు బ్రష్షులు. లెక్క సరిపోయిందని రాయబోతుంటే ఊపిరి వినిపించింది. లోపలికి మెల్లగా, బయటికి ఒక సన్నని ఈలతో. పడకగదిలోకి వెళ్ళాడు. పక్క దులిపి సర్ది ఉంది, మనిషి లేదు, ఊపిరి ఉంది. వంటగదిలోకి వెళ్ళాడు. ఊపిరి అక్కడా ఉంది. బాత్రూము తలుపు సందులోంచి చూశాడు. అక్కడ కాస్త గట్టిగానే ఉంది.

ముసలావిడ బీరువాలో దాక్కుని ఉంటుందని ఆ పెద్దమనిషి తీర్మానించుకున్నాడు. తలుపు తెరిచాడు. అరలో అరచెయ్యంత చిన్న చొక్కాలు నాలుగు మడత పెట్టి ఉన్నాయి, ఇంకా ఎవరూ తొడుక్కోనివి. బీరువా తలుపు కీచుమంది. ఊపిరి ఆగిపోయింది.

ఊపిరి వినిపించడం కంటే ఆగిపోవడం ఎక్కువ భయంగా ఉందని అతను తర్వాత చెప్పాడు.

"ఎవరదీ?"

అతనికి ఆ భాష రాదు. అయినా అది ప్రశ్న అని అర్థమైంది. గబగబా హాల్లోకి వచ్చాడు. అతని వెనకే పడకగదిలో లైటు వెలిగింది. ఆరింది. వంటగదిలో వెలిగింది. దొంగను బెదరగొట్టడానికి అత్తగారు తనకు తెలిసిన మీటలన్నీ నొక్కుతున్నారు. సూపర్‌వైజర్ వాకిలివైపు రెండడుగులు వేశాడో లేదో, అతని కళ్ళముందే లోపలి గడియ, ఎవరి చెయ్యీ తగలకుండా, తాపీగా జరిగి బిగుసుకుంది. లాగినా కదల్లేదు.

ఆసుపత్రిలో భార్య స్కానింగ్ గదిలో ఉంది. తలుపు వెనకనుంచి బిడ్డ గుండె చప్పుడు, నీళ్ళలో గుర్రం పరిగెత్తినట్టు, బయటికి వినిపిస్తోంది. అల్లుడు కుర్చీలో ముందుకు వంగి వింటూ ఉండగా ఫోన్ మోగింది.

"బాబూ, దొంగ దొరికాడు," అన్నారు అత్తగారు గుసగుసగా. "లోపల పెట్టి గడియ వేసేశాను. మీరేం కంగారు పడకండి. అమ్మాయికి చెప్పకండి."

"అత్తయ్యగారూ, ఆయన దొంగ కాదు. గడియ తీసేయండి."

"బీరువా తీశాడు బాబూ. నా చెవులతో విన్నాను. పోలీసులు వచ్చేదాకా తీసేది లేదు." ఫోన్ పెట్టేశారు.

అల్లుడు ఆసుపత్రి నర్సుకి రెండు ముక్కలు చెప్పి టాక్సీ ఎక్కాడు. ఇంటి దగ్గరికి వచ్చేసరికి మెట్లమీద జనం. సూపర్‌వైజర్ ఆఫీసుకి ఫోన్ చేసి ఇంట్లో తనతోపాటు ఇంకెవరో ఉన్నారనీ, కనిపించడం లేదనీ గొంతు తగ్గించి చెప్పాడట. ఇద్దరు గార్డులు తలుపు బద్దలుకొట్టే సామానుతో వచ్చారు. నర్సమ్మ మెట్టుమీద కూర్చుని, నేను ముందే చెప్పానుగా అన్నట్టు అందరి ముఖాలూ చూస్తోంది.

గడియ మీట అల్లుడి ఫోన్‌లో కూడా ఉండాల్సింది. అయితే పోయిన వారం అత్తగారు, ఇద్దరు నొక్కితే గడియ పాడవుతుందని, ఆ అధికారం తన ఒక్కదానికే ఉండేలా మార్పించుకున్నారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. గార్డులు చూస్తుండగా అతను మూసిన తలుపుకి నోరు ఆనించి, ఎవరికో, ఎంతో వినయంగా, మెడ వంచి బతిమాలడం మొదలుపెట్టాడు. లోపలనుంచి ముసలి గొంతు జవాబు చెప్పింది. గార్డుల్లో చిన్నవాడు ఒక మెట్టు దిగాడు.

"ఆవిడ మీకేమవుతుంది?" అని అడిగాడు పెద్ద గార్డు.

"అత్తగారు."

"లోపలున్నారా?"

"లేరు," అన్నాడు అల్లుడు. చిన్న గార్డు ఇంకో రెండు మెట్లు దిగాడు.

చివరికి భార్యే వచ్చింది, ఒక చేత్తో నడుము పట్టుకుని, మెట్టుమెట్టుకీ ఆగుతూ. జనం దారి ఇచ్చారు. నర్సమ్మ ఆమె పొట్ట చూసి, లేచి తన మెట్టు ఖాళీ చేసింది. ఆమె కూర్చోలేదు.

"అమ్మా, తలుపు తియ్యి. ఆయన ఇల్లు చూడటానికొచ్చిన సూపర్‌వైజరు."



"ముందే చెప్పచ్చుగా," అంది గొంతు. "గోడ చెమ్మ సంగతి అడిగేదాన్ని."

గడియ జరిగింది.

దాపరికం ఇక కుదరదు. అల్లుడు తువ్వాళ్ళు తీసి స్పీకర్లు చూపించాడు, తెర తొలగించి టాబ్లెట్ ఇటు తిప్పాడు. చీకటి గదిలో, జుట్టు విరబోసుకుని, కళ్ళజోడు లేక తెరకు ముక్కు ఆనించి చూస్తున్న అత్తగారి ముఖం కనబడగానే సూపర్‌వైజర్ గోడను పట్టుకున్నాడు. ఆవిడ మర్యాదగా తల ఊపారు. చెమ్మ ఎక్కడుందో వేలితో చూపించారు. అల్లుడు మంచినీళ్ళిచ్చాడు. సూపర్‌వైజర్ గ్లాసు ఖాళీ చేసి, కుర్చీలో కూలబడి, ఫారం తీశాడు. మూడు రాత్రులు వరసగా నిద్రపోయిన వాళ్ళెవరైనా ఆ ఇంటి మనిషి కిందే లెక్కని వాళ్ళ రూలు.

"ఆవిడ ఈ ఇంట్లో నిద్రపోతారా?"

"రోజూ," అంది భార్య, అబద్ధమాడటం రాక. అల్లుడు కళ్ళు మూసుకున్నాడు.

"ఎప్పుడొచ్చారు?"

"రాలేదు," అంది ఆమె.

సూపర్‌వైజర్ చాలాసేపు పెన్ను ఆడించాడు. ఇంట్లో ఎవరూ లేరని రాస్తే, ఎవరూ లేని ఇంట్లో తనను బంధించి, గార్డులను పిలిపించుకునేంతగా ఏడిపించింది ఎవరని ఆఫీసంతా అడుగుతుంది. ఇరవై రెండేళ్ళ సర్వీసు నవ్వులపాలవుతుంది. నివసించేవారు అన్నచోట అతను 'ముగ్గురు' అని రాశాడు. కింద నర్సమ్మ ఫిర్యాదు జత చేశాడు.

"ఏడు రోజుల్లో ఖాళీ చేయాలి," అన్నాడు.

భార్య గోడకు చేరగిలబడింది.

"చేసి, వెనక బ్లాకులో పెద్ద ఇంట్లోకి మారాలి. ఇంత చిన్న వాటాలో ముగ్గురుండి, ఒకరు గర్భిణి అయితే ఇరుకు కింద లెక్క. వరస చూడనక్కర్లేదు."

"మరి అనుమతి లేని మనిషని..." అన్నాడు అల్లుడు నమ్మలేక.

"అలా రాయాలంటే ఆవిడ ఈ దేశంలో ఉండాలి. లేరుగా. ఇరుక్కి మాత్రం నేనే సాక్షిని." తలుపు దగ్గర అతను గడియవైపు ఒకసారి చూసి, త్వరత్వరగా దాటాడు.

ఆరో రోజున వాళ్ళు మారారు. కొత్త ఇంటికి నెట్ పెట్టడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ టాబ్లెట్ అట్టపెట్టె అడుగున, ఛార్జింగ్ అయిపోయి, దుప్పట్ల మధ్య పడి ఉంది. భార్యకు కాళ్ళు వాచి మంచం దిగలేదు. అల్లుడు ల్యాబులో ఉన్నాడు. రెండో సాయంత్రం కింద వాటాలో ఉండే లైబ్రేరియన్ పైకొచ్చి, మొహమాటపడుతూ, మీ పెద్దావిడను మధ్యాహ్నం పూట కాస్త మెల్లగా నడవమంటారా అని అడిగాడు. అల్లుడు మా ఇంట్లో పెద్దావిడెవరూ లేరనబోయి, ఆగి, చెప్తానన్నాడు.

మర్నాడు కాల్ కలిసింది. అత్తగారు ముఖం కడుక్కుని, కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నారు. కొత్త ఇల్లు ఆవిడకు ఇంకా చూపించలేదు.

"కాళ్ళు లాగేస్తున్నాయే తల్లీ," అన్నారు మోకాలు రాసుకుంటూ. "రెండ్రోజులుగా నిద్రలో ఒకటే నడక. పెద్ద గదులు, అట్టపెట్టెలు దాటుకుంటూ పోవాలి. కిటికీకి ఎవరూ తెర కూడా కట్టలేదు."

అల్లుడు తలెత్తి కిటికీవైపు చూశాడు. దానికి తెర లేదు.

ఆవిడ తిరిగి వెళ్ళిపోతారన్న నమ్మకం వీసా వాళ్ళకు కలగకపోవడంలో వాళ్ళ తప్పేమీ లేదని అతనికి మొదటిసారి అనిపించింది.