జమ్రియా యుద్ధం ఎందుకు వాయిదా పడింది

జమ్రియా దేశం మీద యుద్ధం వచ్చే మంగళవారం సాయంత్రం ఎనిమిది గంటలకు మొదలవుతుందని పొటొమాక్ న్యూస్ ఛానెల్ ప్రకటించింది. ప్రభుత్వం అప్పటికింకా ఏ నిర్ణయమూ తీసుకోలేదు. కానీ యుద్ధానికి సంగీతం కట్టించడం పూర్తయింది, మధ్యలో వచ్చే ప్రకటనలు ఖాయమైపోయాయి. ఇంత జరిగాక ప్రభుత్వం వెనకాడితే మర్యాదగా ఉండదని పెద్దలంతా అభిప్రాయపడ్డారు.

అమెరికాలోని వర్జీనియాలో ఉన్న ఆ ఛానెల్ స్టూడియోలో పదకొండేళ్లుగా మేకప్ వేస్తున్న మనిషి ఎర్నెస్టీన్ గేథర్స్. చర్చలకు వచ్చే రిటైర్డ్ జనరళ్ల నుదుళ్లన్నీ ఆమె చేతి పౌడరుకు అలవాటు పడ్డవే. ఆ జనరళ్లలో ప్రతి ఒక్కరూ ఏదో ఒక క్షిపణుల కంపెనీలో డైరెక్టరు. జీవితమంతా దేశసేవ చేసినవారు ఖాళీగా కూర్చోలేరు కదా.

చర్చలో అన్ని పక్షాలకూ చోటుండాలని ఛానెల్ వారి పట్టుదల. అందుకని రోజూ నలుగురిని పిలిచేవారు. జమ్రియాను ఆకాశం నుంచి కొట్టాలనేవారు ఇద్దరు, సముద్రం నుంచి కొట్టాలనేవారు ఒకరు. నాలుగో ఆయన శాంతివాది. ఆయన థాంక్స్‌గివింగ్ పండుగ వెళ్లాక కొట్టాలనేవారు.

ఎర్నెస్టీన్ ఇవన్నీ వింటూనే ఉండేది గానీ పట్టించుకునేది కాదు. ఆ గురువారం ఉదయం మాత్రం ఆమె కూతురు ఓడెస్సా చేతిలో ఒక కాగితంతో వంటింట్లోకి వచ్చింది. ఓడెస్సా ఆసుపత్రిలో నర్సు. సైన్యం రిజర్వులో పేరుంది గనక పిలుపొస్తే వెళ్లి తీరాలి. పిలుపు వచ్చింది.

"సోమవారం బయల్దేరాలట అమ్మా."

ఎర్నెస్టీన్ పొయ్యి మీద గుడ్లు మాడిపోతున్నా తిప్పలేదు.

"అంతమంది జనరళ్లకి పౌడర్లద్దుతావు కదా, ఎందుకెళ్తున్నామో ఒక్కడైనా చెప్పాడా?" అంది ఓడెస్సా, నవ్వుతూనే.

ఎర్నెస్టీన్ ఆలోచించింది. ఎప్పుడన్నది చెప్పారు, ఎక్కడన్నది చెప్పారు, ఎన్ని విమానాలో చెప్పారు. ఎందుకన్నది మాత్రం ఎవరూ చెప్పినట్టు గుర్తు రాలేదు. "మర్చిపోయుంటారే. ఇవాళ కనుక్కుంటాను," అంది.

ఆ సాయంత్రం శాంతివాది గారి విమానం షికాగో మంచులో ఇరుక్కుపోయింది. చర్చకు ఇంకా నాలుగు నిమిషాలుంది. ప్రొడ్యూసర్ ట్రెంట్ పరిగెత్తుకొచ్చాడు.

"ఎర్నెస్టీన్, నువ్వెళ్లి ఆ కుర్చీలో కూర్చో. శాంతి కుర్చీ ఖాళీగా కనిపిస్తే బాగోదు. నోరు తెరవక్కర్లేదు, మధ్యమధ్యలో దిగులుగా తలూపు చాలు."

"యుద్ధాల గురించి నాకేం తెలుసు బాబూ?"

"ఆయనకీ తెలీదులే."

ఆమె కూర్చుంది. కాసేపు తలూపింది కూడా. అయితే వ్యాఖ్యాత క్లిఫ్టన్ ఆష్‌బరీ గారికి తన ముందున్న తెర మీద కనిపించింది చదవడం తప్ప మరో దురలవాటు లేదు. తెర మీద 'ఇప్పుడు శాంతి పక్షం' అని వచ్చింది. ఆయన ఆమె వైపు తిరిగి, "మీరేమంటారు మేడమ్?" అని గంభీరంగా అడిగారు.

"మా అమ్మాయిని అక్కడికి పంపుతున్నారండీ," అంది ఎర్నెస్టీన్. "ఎందుకు?"

మిగతా ముగ్గురూ ముందున్న కాగితాలు తిరగేశారు. చివరికి వారిలో ఒకరైన జనరల్ మెరిల్ టక్‌వెల్ అందుకున్నారు.

"అక్కడ భయంకరమైన ఆయుధం ఒకటి దాచిపెట్టారమ్మా."

"ఎక్కడండీ?"

"అది బయటికి చెబితే వాళ్లకి తెలిసిపోతుంది."

"దాచింది వాళ్లేనన్నారుగా. ఎక్కడ పెట్టుకున్నారో వాళ్లకి తెలీదా?"

జనరల్ గారు ముందున్న నీళ్లు తాగారు. ఆ తర్వాత ఆష్‌బరీ గారి నీళ్లు కూడా తాగారు.

మర్నాటి నుంచి దేశం ఈ విషయాన్ని ఎంత లోతుగా పరిశీలించాలో అంత లోతుగానూ పరిశీలించింది. 'ఎందుకు అనే ప్రశ్న వెనక ఎవరున్నారు?' అని ఒక ఛానెల్ ప్రత్యేక కార్యక్రమం నడిపింది. ప్రశ్నలడగడం సైనికుల మనోబలాన్ని దెబ్బతీస్తుందని ఒక విశ్రాంత అడ్మిరల్ కన్నీరు పెట్టుకున్నారు. ప్రశ్న మంచిదేననీ, జవాబు విజయం తర్వాత ఇస్తామనీ ప్రభుత్వ ప్రతినిధి హామీ ఇచ్చారు.

కానీ రిజర్వులో పిల్లలున్న తల్లులు ఊరుకోలేదు. తమ సెనేటర్లకు ఫోన్లు చేసి అదే ముక్క అడగసాగారు. గత నాలుగు యుద్ధాలకూ కాగితం చదవకుండానే చేయెత్తిన సెనేటర్ ఆర్విల్ బ్లాండింగ్ గారు ఆ ఫోన్ల పోరు పడలేక రహస్య నివేదిక తెప్పించారు. నాలుగు వందల పన్నెండు పేజీలు. భద్రతా కారణాల రీత్యా అన్ని వాక్యాలకూ నల్లసిరా పూసేశారు. చివరి పేజీ అడుగున ఒక్క లైను మాత్రం పొరపాటున మిగిలిపోయింది. 'ఆధారం: పొటొమాక్ న్యూస్, సాయంత్రపు చర్చ.'

వెంటనే విలేకరులు టక్‌వెల్ గారిని చుట్టుముట్టారు. ఆయన ఏమాత్రం తడబడలేదు. "నేను గాలిమాటలు చెప్పే మనిషిని కాదు. ప్రభుత్వ నివేదికలో ఉందని నమ్మకమైన వారు చెప్పారు," అన్నారు.

ఆధారం ఈ చేతి నుంచి ఆ చేతికి క్షేమంగా తిరుగుతూనే ఉందని తేలడంతో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆదివారం మధ్యాహ్నం, ఓడెస్సా సంచీ సర్దుకుంటూ ఉండగా, సాంకేతిక కారణాల వల్ల యుద్ధాన్ని వాయిదా వేస్తున్నట్టు ప్రకటన వెలువడింది. ఎర్నెస్టీన్ కూతుర్ని పట్టుకుని, పదకొండేళ్లలో ఇతరులకు వేసిన పౌడరంతా కరిగిపోయేంత ఏడ్చింది.

ఈ వ్యవహారంలో ఎవరి ఉద్యోగమూ పోలేదు. టక్‌వెల్ గారికి, తాను ఈ యుద్ధాన్ని మొదటి నుంచీ ఎలా వ్యతిరేకించారో వివరించే కార్యక్రమం ఇచ్చారు. మొదటి రోజే వచ్చి మేకప్ కుర్చీలో కూర్చున్నారు.

"నన్ను భలే ఇరుకున పెట్టారమ్మా మీరు," అన్నారు, నొచ్చుకుంటూ.

"కళ్లు మూసుకోండి జనరల్ గారూ, పౌడరు పడుతుంది," అంది ఎర్నెస్టీన్.

ఆ తర్వాతి శనివారం ఆమె తన పెరట్లో పెద్ద మూకుడు పెట్టి చేపలు వేయించింది. వీధివాళ్లంతా బంగాళాదుంప సలాడ్లు, పీచ్ పళ్లతో చేసిన తీపి పట్టుకుని వచ్చారు. ఓడెస్సాను చూసి ముచ్చటపడ్డారు. పక్కింటి వెండెల్ ప్రూయిట్ ఎర్నెస్టీన్ రెండు చేతులూ పట్టుకుని కళ్లు తుడుచుకున్నాడు.

"నీ పుణ్యమా అని ఎంతమంది పిల్లలు ఇళ్లల్లో మిగిలారో చెల్లీ! దేవుడు నిన్ను చల్లగా చూడాలి."

"ఊరుకో వెండెల్. చేప తిను, చల్లారిపోతుంది."

అతను ఒక ముక్క కొరికాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఒక్క మాట. ఆ మంగళవారం కోసమని మేం డెబ్బై అయిదు అంగుళాల టీవీ తెచ్చుకున్నాం. గోడకి బిగించాం కూడాను. అక్కడే పనిచేస్తావు కాబట్టి అడుగుతున్నా... ఇంకెవరితోనైనా యుద్ధం ఉండేట్టుందా?"

గొంతు తగ్గించానని వెండెల్ అనుకున్నాడు గానీ, అతనికి వయసుతో కాస్త చెవుడు. ఆ మాట పెరడంతా వినిపించింది. ఎర్నెస్టీన్ తలెత్తి చూసింది. పళ్లేలు పట్టుకుని నిలబడ్డ వాళ్లంతా, ఆమె ఏం చెబుతుందో సరిగ్గా వినబడాలని, ఒకడుగు ముందుకు జరిగారు.