బ్రాంట్ ఇనప్పెట్టె

శుక్రవారం పొద్దున బ్రాంట్‌కి ఒకటే పని: పది గంటలకు వార్డెన్ తనిఖీకి వచ్చేలోగా తన ఇనప్పెట్టె ఖాళీ చేయడం. ఇరవై ఒకటి నిండాయి, లైసెన్సు వచ్చింది. తాత పిస్తోలు నడుముకు పెట్టుకుని, పైకి కనబడకుండా చొక్కా లాక్కుని క్లాసుకెళ్లాలని మూడేళ్లుగా అతని కోరిక. టెక్సాస్‌లో దానికి చట్టం ఒప్పుకుంటుంది. హాస్టల్లో మాత్రం దాన్ని ఇనప్పెట్టెలోనే ఉంచాలి. తుపాకీ పెట్టని ఇనప్పెట్టె గదిలో ఉండకూడదని కూడా హాస్టల్ రూలు.

ఆత్రగాడికి బుద్ధి మట్టు. పెట్టె రెండు నెలల ముందే కొన్నాడు. పక్కగది వాడు పాస్‌పోర్టు దాచుకుంటానంటే కాదనలేకపోయాడు. తర్వాత అంతస్తంతా ఎగబడింది.

ఇప్పుడు చెమటలు కక్కుతూ ఎవరి సామాను వాళ్ల గుమ్మంలో పెట్టి వస్తున్నాడు. ఆ కంగారు చూసి మూడో అంతస్తులో దొంగలు పడ్డారని పుకారు లేచింది. అతను తిరిగిచ్చిన సామాను తిరిగిచ్చినట్టే వెనక్కి తెచ్చారు, పైగా కొత్తగా పదకొండు మంది వచ్చారు.

కాలేజీలో తుపాకులు వద్దని పోరాడే మరిసోల్ కూడా వచ్చింది. తొమ్మిదివందల సంతకాల అర్జీ ఆమె ఆ పెట్టెలోనే దాచింది.

"నీ కాగితాలు తీసుకుపో తల్లీ, నా పిస్తోలుకి చోటు కావాలి."

"పిస్తోలా! అది లోపలికొస్తే ఊరుకునేది లేదు."

"మరి నా పెట్టెలో ఎందుకు పెట్టావ్?"

"ఇంత గట్టి పెట్టె ఇంకెక్కడుంది నాయనా?"

అంతలో వార్డెన్ ప్రూయిట్ మేడమ్ రానే వచ్చింది. పెట్టెలోకి తొంగిచూసింది. "తుపాకీ ఏదబ్బాయ్?"

"మధ్యాహ్నం తాత తెస్తున్నాడు మేడమ్."

"తెచ్చి ఎక్కడ పెడతావ్, నా నెత్తినా? దానికి చోటు లేకపోతే సాయంత్రానికి ఈ పెట్టె బయటికి పోవాలి."

బ్రాంట్‌కి ఏడుపొక్కటే తక్కువ. వరండాలో గుమిగూడిన వాళ్లందరి మొహాలూ పాలిపోయాయి.

"అదెలా కుదురుతుంది మేడమ్?" మరిసోల్ గొంతు లేచింది. "పిస్తోలు పెట్టుకోవడం అతని హక్కు! చట్టమే ఇచ్చింది!"

అందరూ చప్పట్లు కొట్టారు. తలా ఒక చెయ్యి వేసి సామానంతా బయటికి లాగి, అడుగున జానెడు చోటు చూపించారు. మేడమ్ కొలిచి, సంతకం పెట్టి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం పిస్తోలు వచ్చింది. బ్రాంట్ దాన్ని మురిపెంగా అడుగున పెట్టాడు. దాని మీద పాస్‌పోర్టులు, నగల డబ్బాలు, ఒక వయొలిన్, అన్నిటికీ పైన మరిసోల్ అర్జీ సర్దారు. క్లాసులున్న రోజుల్లో పెట్టెలో సామాను కదిలించకూడదని అందరూ కలిసి తీర్మానం చేశారు.

ఆ కాలేజీలో అంత బాగా దాచిన తుపాకీ ఇంకొకటి లేదు.