అంగీకార సూచకంగా తల ఊపుట

పారమట్టా తెలుగు వికాస సమితి ఆధ్వర్యంలో, రెండువేల సంవత్సరం ఫిబ్రవరి మూడో ఆదివారం నాడు, “ప్రాచీన గ్రీకుల మతాచారాలు: ఒక పరిచయం” అనే అంశంపై ఏర్పాటైన ప్రసంగ సభ దిగ్విజయంగా ముగిసిందని సమితి కార్యదర్శిగా సవినయంగా తెలియజేస్తున్నాను. ఈ సభ ఎందుకు అవసరమైందో కూడా చెప్పాలి. సెప్టెంబరులో మన సిడ్నీలో ఒలింపిక్స్. ఆఫీసుల్లో తెల్లవాళ్ళు జ్యూస్ గురించి మాటెత్తితే, అది గ్రీకుల దేవతల రాజు పేరని తెలియక, మనవాళ్ళు “ఆరెంజా, మ్యాంగోనా?” అని అడుగుతున్నట్టు ఫిర్యాదులు అందాయి. జాతి పరువు దక్కించుకోవాలి కదా.

ప్రసంగించడానికి ఎక్కడో పక్క రాష్ట్రంలోని టూవూంబాలో చరిత్ర పాఠాలు చెప్పే విద్యావతి గారు వచ్చారు. దారి ఖర్చులు ఆవిడే పెట్టుకున్నారు కాబట్టి ఆవిడ పాండిత్యం గురించి వేరే చెప్పనక్కర్లేదు. హాలు నిండింది. ప్రసంగం తర్వాత బార్బీ, అంటే బార్బెక్యూ విందు, ఉందని, అందులో మటన్ ఉందని, కరపత్రంలో పెద్దక్షరాలతో వేయించింది ఈ కార్యదర్శే.

గ్రీకులకి ఒకే పవిత్ర గ్రంథమంటూ లేదట. శాఖకొక దేవుడు. సముద్రానికొకడు, కొలిమికొకడు, పంటకొక తల్లి. “ఇక్కడే పర్మనెంటుగా ఉండిపోవడానికి పీఆర్ ఇప్పించే దేవుడెవరు మేడం?” అని వెనక వరుసలోంచి ఎవరో భక్తిగా అడిగారు. ప్రయాణికులకీ సరిహద్దులకీ హెర్మెస్ అనే ఆయన ఉన్నాడని, వర్తకులకీ దొంగలకీ కూడా ఆయనే దేవుడని ఆవిడ చెప్పారు. మా అధ్యక్షులు ఉమామహేశ్వరరావు గారు వెంటనే లేచారు. ఇండియా నుంచి కుర్రాళ్ళని రప్పించి కంపెనీలకి అద్దెకిచ్చే కంప్యూటర్ కన్సల్టెన్సీ వారిది. సభలో సగం మంది అందులో పనిచేస్తున్నవారు, మిగతా సగం చేరాలని చూస్తున్నవారు.

“వర్తకులకీ దొంగలకీ ఒకే దేవుడేవిటండీ? టైపింగ్ మిస్టేకేమో చెక్ చేశారా?” అన్నారు.

“మిస్టేక్ కాదండీ. వాళ్ళకి తేడా కనపడలేదు, అంతే,” అన్నారు విద్యావతి గారు.

డెల్ఫీ అనే ఊళ్ళో ఒక పూజారిణి ఉండేదట. ఆవిడ చెప్పిన జోస్యానికి రెండర్థాలుండేవట, ఎటు జరిగినా నిజమే. అధ్యక్షులు దీన్ని ఎంతో ఆసక్తిగా రాసుకున్నారు. జంతువుని బలిచ్చాక ఎముకలు కొవ్వులో చుట్టి దేవుడి పేర కాల్చి, మాంసం మాత్రం తామే పంచుకునేవారట. పొగ దేవుడికి, ముక్క మనిషికి. ఈ పంపకం సభికులకు బాగా నచ్చింది.

అన్నిటికంటే వింత ఇది. ఇష్టంలేని పశువుని బలి ఇస్తే పాపమని గ్రీకులు నమ్మేవారట. అందుకని దాని తలమీద నీళ్ళు చల్లేవారు. అది ఉలిక్కిపడి తల ఆడించేది. “ఒప్పుకుంది” అని కత్తి తీసేవారు.

ఇది విని, వరంగల్ నుంచి వచ్చి ఇక్కడే తల నెరిసిన డాక్టర్ సత్యనారాయణ గారు నవ్వారు. “మా దిక్కు గూడ గంతేనమ్మా. యాట మీద నీళ్ళు చల్లుతరు. ఒళ్ళు దులుపుకున్నదంటే అమ్మోరికి ఇష్టమే అన్నట్టు. యాటనైతే ఎవరడిగిన్రు?”

సభ గొల్లుమంది. కంప్యూటర్ యుగంలో ఇలాంటి మోటు ఆచారాలకు తావులేదని ఏకగ్రీవంగా తీర్మానించి, తర్వాతి అంశానికి వెళ్ళాం. అది అచ్యుత్ సన్మానం.

అచ్యుత్ మా అధ్యక్షుల వారి ప్రోగ్రామరు. వీసా కూడా వారి కంపెనీ పేరు మీదే, ఉద్యోగం పోతే దేశం వదలాల్సిందే. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీ తప్పి ఆగిపోతాయని, వైటూకే ముంచుకొస్తోందని, ఒక బీమా కంపెనీలో పాత ప్రోగ్రాములన్నీ సరిచేయడానికి రప్పించారు. పిల్లవాడు పండగా పబ్బం లేకుండా సరిచేశాడు. తీరా జనవరి ఒకటిన ఏమీ జరగలేదు. విమానాలు కూలలేదు, లిఫ్టులు ఆగలేదు. కంపెనీవారికి ఒళ్ళు మండింది. ఏమీ జరగనిదానికి ఇంత బిల్లా అన్నారు. ఎవరినో ఒకరిని పంపేస్తే తప్ప వాళ్ళు శాంతించేలా లేరు. తీసేస్తే నోటీసు జీతం కన్సల్టెన్సీ నెత్తిన పడుతుంది. తనంతట తానే వెళ్ళిపోతే ఎవరికీ ఏ నష్టమూ లేదు, అతనికి తప్ప.

అతని భార్య కుసుమకు ఏడో నెల. విమానమెక్కితే బిడ్డకి ప్రమాదమని డాక్టర్లు చెప్పారు. “డెలివరీ అయ్యేదాకా ఉంచమనండి సార్, చాలు,” అని అచ్యుత్ నా దగ్గర కూడా ప్రాధేయపడ్డాడు. ఆదివారం సభలో నీ సంగతి తేలుస్తానని అధ్యక్షులు మాటిచ్చారట. ఆ ఆశతోనే ఇద్దరూ వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు.

అధ్యక్షులు మాట తప్పే మనిషి కాదు. అచ్యుత్‌ని వేదిక మీదికి పిలిచి, శాలువా కప్పి, మైకు తీసుకున్నారు. “అచ్యుత్ ఈజ్ లైక్ మై సన్. మదర్‌లాండ్‌కి సర్వ్ చేద్దామని వాలంటరీగా రిజైన్ చేస్తున్నాడు. ఈ నెలాఖరుకే ఫ్లైటు. ఎంత త్యాగమండీ. ఏం నాయనా, ఇష్టమేగా?”

అచ్యుత్ నోరు తెరిచాడు. అదే సమయానికి, కార్యక్రమం ప్రకారం, నేను పన్నీరు చల్లాను. బుడ్డి కొత్తది, కాస్త ధారాళంగానే పడింది. కళ్ళలోకి పోయిందో ఏమో, అతను తల విదిలించాడు. అడ్డంగానా, నిలువుగానా అన్నది ఎవరూ పట్టించుకోలేదు.

“ఒప్పుకున్నాడు,” అన్నారు అధ్యక్షులు.

చప్పట్లు మొదలయ్యాయి. విద్యావతి గారు మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని మమ్మల్నే చూస్తూ కూర్చున్నారు. టూవూంబాలో సభామర్యాద వేరేమో.

అంతలో ముందు వరుసలో కుసుమ, కుర్చీ పట్టుకుని, మెల్లగా లేచి నిలబడింది.

“ఆయన వద్దంటున్నారండీ. మేం వెళ్ళలేం. దయచేసి వినండి.”

వినబడలేదని ఎవరూ అనడానికి లేదు. మంచి హాలు, చివరి వరుస దాకా ప్రతి మాటా స్పష్టంగా వినిపించింది. అందుకే చప్పట్లు ఇంకాస్త గట్టిగా కొట్టాల్సి వచ్చింది.