మూడో భాగంలో దెయ్యాలు దండగ

ఆ పూటకు పని ఒక్కటే. మేడ మీద ఏడాదిగా ఖాళీగా పడున్న వాటాను టీచరమ్మ కుటుంబానికి చూపించి ఒప్పించాలి. అది కుదరకపోతే ఆఫీసు తాళాలు బల్ల మీద పెట్టి ఇంటికి పొమ్మని బావ నిన్ననే తేల్చేశాడు. ఇళ్ళు అద్దెకు కుదిర్చే ఆఫీసు బావది. మన బ్రోకరు ఆయన దయ మీద నెట్టుకొస్తున్న బామ్మర్ది.

బ్రోకరుకు ఒక పద్ధతుంది. ముందే ఖాళీ ఇంట్లో గదిగదీ తిరుగుతూ, ఫోన్లో మాటలు రికార్డు చేసి వచ్చేవాళ్ళకు పంపుతాడు. ఒక పిచ్చి కూడా ఉంది. 'వణుకు బంగళా' అనే నవ్వుల వీడియో గేమ్. గొడుగులు బాగుచేసే పిరికివాడొకడు పాడుబడ్డ బంగళాలో దూరి, వణుకుతూనే దెయ్యాలను గొడుగులో బంధిస్తుంటాడు. మూడు భాగాలొచ్చాయి. అభిమానుల గ్రూపులో రెండో భాగం వర్గానికి ఇతనే పెద్ద గొంతు. ఆ ఉదయం ఎవడో మూడో భాగమే గొప్పదని రాశాడు. ఇతనికి ఒళ్ళు మండింది. ఖాళీ వంటింట్లో నిలబడి కడుపులో ఉన్నదంతా ఫోన్లోకి కక్కేశాడు.

"వంటింటి దెయ్యం ఒకప్పుడు గిన్నెలు విసిరేది. ఇప్పుడు చేతులు కట్టుకుని ఊరికే నిలబడుతోంది. దండగ. పాతవాటిలో ఉన్న చురుకు వీటిలో ఏదీ?"

ఆ ఊపులోనే ఇంటికి గాలీ వెలుతురూ బాగా వస్తాయని ఇంకోటి రికార్డు చేశాడు. రెండూ పంపాడు. గాలీ వెలుతురూ అభిమానులకు వెళ్ళాయి. దెయ్యం టీచరమ్మకు వెళ్ళింది.

టీచరమ్మ, ఆమె భర్త, మామగారు వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయారు. నేను పంపింది విన్నారా అని అడిగాడు బ్రోకరు.

"విన్నాం. అందుకే మావయ్యగారిని కూడా తీసుకొచ్చాం."

పెద్దాయన దిగాడంటే బేరం తెగినట్టేనని బ్రోకరు పొంగిపోయాడు. పెద్దాయన వంటింట్లోకి తల మాత్రం పెట్టి, నిలబడేది ఇక్కడేనా అన్నాడు. ఇక్కడే, ఎంతసేపైనా నిలబడొచ్చు అన్నాడు బ్రోకరు. ఒక్కరేనా అంటే, ఇద్దరు ముగ్గురైనా ఇరుకనిపించదన్నాడు. టీచరమ్మ భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఇంతలో ఫోను మోత మొదలెట్టింది. గాలీ వెలుతురూ వచ్చే బంగళా అంటే నాలుగో భాగమేనా, నీకెలా తెలిసింది, ఎప్పుడొస్తోంది అని అభిమానులు ఎగబడుతున్నారు. అప్పుడు వెలిగింది బ్రోకరుకు. అది ఆటలో దెయ్యమని, ఈ ఇంటికీ దానికీ సంబంధం లేదని మొత్తుకున్నాడు. సాక్ష్యంగా గ్రూపు తెరిచి చూపించాడు. టీచరమ్మ భర్త కింది దాకా చదివి నీరుగారిపోయాడు.

"ఇంతమంది చూశారా దాన్ని?"

ఎంత విడమర్చి చెబితే అంత చిక్కుపడింది. అరుపులు విని కింది వాటాలోంచి ఇంటావిడ పైకొచ్చింది. వంటింట్లో దెయ్యం ఉందటగా అని టీచరమ్మ నేరుగా అడిగేసింది. ఇక ఈ మాట బావ చెవిన పడుతుంది, ఉద్యోగం ఊడుతుంది అని బ్రోకరు కళ్ళు మూసుకున్నాడు.

"వంటింట్లో ఏమీ లేదు," అంది ఇంటావిడ నిదానంగా. "ఎవరన్నారో గానీ శుద్ధ అబద్ధం. మెట్ల మీద సంగతంటారా, అది నేను కాదనను."

బ్రోకరు మెట్లకు దూరంగా జరిగాడు. పెద్దాయన గడ్డం గోక్కున్నాడు.

"మెట్లు మీవి, వాటా మాది. లోపలికి రాదు కదా?"

"ఇంతవరకూ రాలేదండీ."

అయితే అద్దె సంగతి కాస్త చూడమన్నాడు పెద్దాయన. గుట్టు బయటపడ్డ సిగ్గుతో ఇంటావిడ తగ్గించింది. టీచరమ్మ బ్రోకరు వైపు తిరిగి, ఇన్ని ఇళ్ళు తిరిగాం, లోపం ముందే చెప్పిన మనిషి మీరొక్కరే అంది. అద్దెకిచ్చేవాళ్ళ నోట నిజం వినడానికి ఆమె మొహం వాచిపోయి ఉంది మరి.

అందరూ దిగిపోయారు. మూడు బంగళాల్లో ఒక్క దెయ్యాన్నీ వదలని వీరుడు మాత్రం మేడ మీదే నిలబడి, పెద్దాయనను ఒక్కసారి పైకొచ్చి తోడు రమ్మని బతిమాలాడు.

సాయంత్రం బావ భుజం తట్టాడు. అద్దెకు పోని మిగతా ఇళ్ళ తాళాలన్నీ ముందు పోసి, వీటిల్లో ఏమేమున్నాయో కూడా చెప్పమన్నాడు.